క్యాన్సర్ రీసెర్చ్‌కి మా ఊరివాళ్లు రావట్లేదు. తప్పు వాళ్లదా, మాదా?

తంపరగాలి | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఒక క్యాన్సర్ పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. ఏ సంస్థో అడగొద్దు, ఉద్యోగం కావాలి నాకు. ఊళ్లలో ముప్పై దాటిన ఆడవాళ్లకి నోరు, గర్భాశయ ముఖద్వారం రెండూ పరీక్ష చేయాలి, తేడా కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి, ఆ తర్వాత మూడేళ్లు వాళ్లని ఫాలో అవ్వాలి. కాగితం మీద ఎంత ముద్దుగా ఉందో. మొదటి ఊళ్లో మూడు రోజులు క్యాంపు పెట్టాం. లిస్టులో 400 మంది. వచ్చింది 37. అందులో ఆరుగురు మా ఆశా అక్క చుట్టాలే.

మూడో రోజు సాయంత్రం టెంటు విప్పుతుంటే ఒక ముసలామె వచ్చి కుర్చీలో కూర్చుంది. అడ్డపొగ తాగుతోంది. మా వైపు కాని వాళ్ల కోసం చెప్తున్నా, చుట్టకి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి తాగడాన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. బయటికి పొగ కూడా పెద్దగా కనిపించదు, ఏదో నములుతోందనుకుంటాం. ఆవిడ మాట్లాడటానికని చుట్ట బయటికి తీసి, నుసి రాల్చి, నా చేతిలో టార్చిలైటు కేసి చూసి అంది: "ఏటమ్మా, మల్లీ వొచ్చినారా? మా అత్త నోట్లో కూడా ఇలాగే లైటేసి సూసి ఎల్లిపోనారు. ఏటి తేలిందో ఇప్పటికీ సెప్పలేదు."

రూముకొచ్చి వెతికాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మా జిల్లాలో అడ్డపొగ మీద 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరీక్షించి రాసిన పేపరు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ అంగిలి క్యాన్సర్ గురించి మాట్లాడినా మా శ్రీకాకుళం పేరు వస్తుందట. ఊళ్లో మాత్రం ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

మా సారు ఫోన్‌లో ఒకటే మాట, "అవేర్‌నెస్ పెంచండి, ఆటోకి మైకు కట్టండి" అని. మైకు వల్ల అయ్యేది కాదని నాకు తెలుస్తోంది. ఏం చేయాలో మాత్రం తెలియట్లేదు. ఊరివాళ్లతో నిజంగా కలిసి పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.


జీడితోట | ఆదివారం, రాత్రి 10:51

అమ్మా, మీది మా పక్కే అని అర్థమైంది. నాది ఉద్దానం. కోపం మీ మీద కాదు గానీ ఒకటి చెప్తా వినండి.

మా ఇంట్లో కిడ్నీ జబ్బుతో ఇద్దరు పోయారు. ఇన్నేళ్లలో మా వీధికి ఎన్ని టీములు వచ్చాయో లెక్కే లేదు. నీళ్లు తీసుకెళ్లారు, మట్టి తీసుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు, ఒకాయన మా పెరట్లో మునగాకు కూడా కోసుకెళ్లాడు. ఫారం మీద సంతకం పెట్టమంటారు, బిస్కెట్ ప్యాకెట్ ఇస్తారు, కారెక్కుతారు. రిపోర్టు అడిగితే "అది రీసెర్చ్ కోసం అండీ, పేషెంట్ రిపోర్టు కాదు" అన్నాడొకాయన. నా రక్తం నాకు రిపోర్టు కాదట, వాళ్లకి రీసెర్చట! ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరూ చెయ్యి చాపడం లేదు.

2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి, కాదనను. కానీ "ఎందుకొస్తోంది" అన్న ప్రశ్నకి మా ఊరి సభలో కూర్చుని, ఇప్పటిదాకా తెలిసింది ఇది, తెలియనిది ఇది అని మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పిన మనిషిని నేనింకా చూడలేదు. మీరు క్యాన్సర్ అన్నా మా చెవికి అదే పాట వినిపిస్తుంది.


తెల్లకోటు_నల్లబూట్లు | సోమవారం, ఉదయం 6:30

డాక్టర్‌ని, కమ్యూనిటీ మెడిసిన్. జీడితోట గారి బాధ నిజమే. అయినా నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఊళ్లు పాలు పంచుకోకపోయి ఉంటే ఇవాళ మనకి తెలిసిన సగం సంగతులు తెలిసేవే కావు.

మహారాష్ట్రలో బార్శీ అని ఒక ఊరుంది, షోలాపూర్ జిల్లా. దేశంలో మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో రాసిపెట్టే పద్దు, అక్కడే 1987లో పెట్టారు. పట్నంలో రిజిస్ట్రీ అంటే ఆసుపత్రుల రికార్డులు రాసుకుంటే చాలావరకు సరిపోతుంది. పల్లెలో మనిషి ఆసుపత్రి దాకా రాకుండానే పోతాడు, రికార్డు ఎక్కడిది? అందుకని వాళ్లు మనుషుల్ని ఊరూరా తిప్పారు. కేసులు రాసుకోవడమే కాదు, ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకూడదో ఊళ్లో కూర్చోబెట్టి చెప్పడం, అనుమానం ఉన్నవాళ్లని దగ్గరుండి ఆసుపత్రికి తేవడం కూడా చేశారు. మందు కొత్తది కాదు, మిషను కొత్తది కాదు. అయినా కొన్నేళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందు దశలోనే దొరకడం పెరిగింది.

ఆ పునాది మీదే పక్కనున్న ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పుడు ధారాశివ్) పెద్ద ట్రయల్ చేశారు. 52 గ్రామ సముదాయాలు, 1,31,746 మంది ఆడవాళ్లు. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూడటం) చేసిన ఊళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. 2009లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దానికి ముందు తమిళనాడు దిండిగల్ జిల్లాలో నర్సులకే ట్రైనింగ్ ఇచ్చి, పలుచని ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే పరీక్ష చేయించారు, మరణాలు 35 శాతం తగ్గాయి. ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే పద్ధతులకి రుజువులు ఇలా మన పల్లెటూరి ఆడవాళ్ల దగ్గర నుంచి వచ్చినవే.

ఇక తంపరగాలి గారూ, మీ శ్రీకాకుళం కథ 1971తో అయిపోలేదు. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం మూడు జిల్లాల్లో కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లకి మాన్పించే ప్రయత్నం చేసి ఏళ్ల తరబడి చూశారు, 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానినవాళ్లు పెరిగారు, నోట్లో తెల్లమచ్చలు తగ్గాయి. ఆ ముసలామెకి మీరు చెప్పగలిగిన జవాబు అది. "మీ అత్తగారి తరాన్ని చూడబట్టే, చుట్ట మానితే మచ్చలు తగ్గుతాయని తెలిసింది" అని చెప్పండి. ఇన్నేళ్లు ఆలస్యమైతే అయింది.


జీడితోట | సోమవారం, ఉదయం 7:05

డాక్టర్ గారూ, ఆ ఉస్మానాబాద్‌లో పరీక్ష చేయని ఊళ్లు కూడా ఉన్నాయి కదా? వాళ్లనేం చేశారు?


తెల్లకోటు_నల్లబూట్లు | సోమవారం, ఉదయం 8:40

ఉన్నాయి. పోలిక కోసం. వాళ్లకి స్క్రీనింగ్ చేయలేదు, అప్పట్లో దేశంలో మామూలుగా దొరికే వైద్యమే దొరికింది. అది తప్పని విదేశాల్లో, మన దగ్గరా గట్టి విమర్శలే వచ్చాయి. పరీక్ష పనిచేస్తుందని వేరే దేశాల్లో తేలాక ఇక్కడ కొందరికి చేయకుండా చూడటమేంటి అని ఒక వాదన. మన దేశంలో అసలెవరికీ చేయని రోజుల్లో చేసి చూపించకపోతే సర్కారు కదిలేది కాదని ఇంకో వాదన. నేను రెండో వైపే ఉంటాను, కానీ మీ ప్రశ్న అడగాల్సిందే. ఆ ఊళ్లలో ఒకామె నన్నడిగితే మాత్రం తలెత్తి జవాబు చెప్పలేను.


రిటైర్డ్_సిస్టర్ | సోమవారం, మధ్యాహ్నం 2:18

అమ్మాయీ, 31 ఏళ్లు ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. పేపర్లు జర్నళ్లు నాకు తెలియవు. నీ క్యాంపు ఎందుకు పోయిందో మాత్రం ఇక్కడ కూర్చునే చెప్పగలను.

క్యాంపు ఎన్నింటికి పెట్టావు? పదింటికి కదా. పదింటికి ఊళ్లో ఎవరుంటారే తల్లీ, ముసలాళ్లు, కోళ్లు తప్ప. ఎండాకాలం ఉపాధి పనికి పొద్దున్నే పోతారు, మస్టరు పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. జీడి పిక్కల సీజన్‌లో అసలు పిలవనే కూడదు. సాయంత్రం ఆరు తర్వాత పెట్టు, లేదా మేట్‌తో మాట్లాడుకుని పని దగ్గరికే వెళ్లు.

రెండోది. నీ 400 మంది లిస్టులో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమందో చూసుకున్నావా? మన రెండు రాష్ట్రాల్లో ఆ ఆపరేషన్లు ఎంత ఎక్కువో సర్వేల్లో కూడా వచ్చింది, దేశంలోనే ముందు వరసలో ఉన్నాం. ముప్పై ఐదేళ్లకే తీసేయించుకుని నడుం నొప్పులతో తిరుగుతున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి నీ కింది పరీక్ష అక్కర్లేదు, నోరు చూస్తే చాలు. ఇక మిగతావాళ్ల భయం ఏమిటంటే "ఈళ్లు కూడా ఏదో ఉందని సెప్పి సంచి తీసేత్తారు" అని. వాళ్లకి తెలిసిన ఆసుపత్రి అలాంటిది మరి. ఆ భయం పోకుండా మైకు ఎంత అరిచినా లాభం లేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. హెచ్‌పీవీ పాజిటివ్ అని ఎప్పుడూ అలా అనకు. ఊళ్లో పాజిటివ్ అంటే ఒకటే అర్థం. మా సబ్‌సెంటర్‌లో ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రాడు వరండాలో నిలబడి, పేరు పెట్టి, "మీకు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిందమ్మా" అని కేకేశాడు. వాడికి ఇంకేం తెలియదు పాపం, లిస్టు చదువుతున్నాడంతే. బయట వేచి ఉన్న పదిమందీ హెచ్‌ఐవీ అనుకున్నారు. ఆ పిల్ల మొగుడు వారం రోజులు ఇంటికి రాలేదు. నేను వెళ్లి అత్తగారి ముందు, మొగుడి ముందు కూర్చుని ఇది అది కాదు, పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి వచ్చిపోయేదే, ఎక్కువమందికి దానంతటదే పోతుంది, పోనివాళ్లని కనిపెట్టడానికే ఈ పరీక్ష అని చెప్పి చెప్పి గొంతు పోయింది. రిజల్టు ఎప్పుడూ ఒక్కరికే, తలుపు వేసి, కూర్చోబెట్టి చెప్పాలి.


పెన్నుమూత | సోమవారం, సాయంత్రం 4:02

సిస్టర్ గారి పోస్టు ప్రింట్ తీసి ప్రతి రీసెర్చ్ సంస్థ గోడకి అంటించాలి.


గోదారికవతల | సోమవారం, రాత్రి 9:33

భద్రాచలం వైపు వాడిని. ఖమ్మం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నాను.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, సుమారు 14 వేల మంది, అందులో గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు చాలామంది. గుజరాత్ వడోదరలో కూడా ఇలాంటిదే జరిగింది. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో తేలినదాన్ని బట్టి ఆ మరణాలకి టీకా కారణం కాదు. పురుగుమందు, పాముకాటు, ఇలా.

కానీ అదే విచారణలో ఇంకోటి బయటపడింది. సమ్మతి పత్రాల్లో రెండు వేలకు పైగా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లే సంతకాలు పెట్టేశారు. అమ్మానాన్న ఎక్కడో కొండ మీద ఊళ్లో ఉన్నారు, పిల్లకి సూది పడిందని వాళ్లకి తెలియను కూడా తెలియదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఏమైందంటే, టీకా మంచిదే, దాని మీద నమ్మకమే చచ్చిపోయింది. ఇప్పటికీ మా వైపు ఆ టీకా పేరెత్తితే "పిల్లల మీద ప్రయోగం చేశారు" అన్న మాట ముందు వస్తుంది. ఒక్క సంతకం సరిగా పెట్టించుకోనందుకు.


తెల్లకోటు_నల్లబూట్లు | సోమవారం, రాత్రి 10:10

> ఒక్క సంతకం సరిగా పెట్టించుకోనందుకు

సంతకం ఒక్కటే అనుకోకండి. ఏదైనా అయితే పిల్లల్ని ఎవరు చూస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి, అసలు ఆ పిల్లల్లో మామూలుగా మరణాలు ఎన్ని ఉంటాయి, ఇవేవీ ముందే సరిగా కట్టలేదు. అందుకే చనిపోగానే జవాబు చెప్పేవాడు లేకుండా పోయాడు. ఖాళీ ఉన్నచోట పుకారు కూర్చుంటుంది. మన దేశంలో ఏటా సుమారు 80 వేల మంది ఆడవాళ్లు ఈ ఒక్క క్యాన్సర్‌తో పోతున్నారు. టీకా వెనకబడ్డ ప్రతి ఏడూ ఎంత నష్టమో ఆలోచిస్తే కడుపు మండుతుంది.


గోదారికవతల | సోమవారం, రాత్రి 10:25

మీ కడుపు మంట సరే సార్. ఆ తల్లిదండ్రులది కూడా లెక్కలో వేయండి.


కెంటకీలో_కృష్ణాజిల్లా | మంగళవారం, ఉదయం 5:47

అమెరికాలో బయోస్టాటిస్టిక్స్ పని నాది, ఉండేది కెంటకీ. ఇది మన దేశపు గొడవ మాత్రమే కాదని చెప్పడానికి రాస్తున్నా. అమెరికా మొత్తం మీద క్యాన్సర్ కేసులు, మరణాలు రెండిట్లోనూ ముందు వరసలో ఉండే రాష్ట్రం మాది. అందులోనూ తూర్పు వైపు అపలాచియా కొండలు, పాత బొగ్గు గనుల ఊళ్లు. అక్కడా బర్లీ పొగాకు పండించినవాళ్లే. డాక్టరు దూరం, ఇన్సూరెన్స్ తలనొప్పి, యూనివర్సిటీ వాళ్లంటే "వచ్చి మమ్మల్ని వెనకబడ్డవాళ్లని పేపర్లో రాసిపోతారు" అన్న అనుమానం. మొదటిసారి విన్నప్పుడు అచ్చం మా అమ్మమ్మ ఊరిలానే అనిపించింది.

అక్కడ పనిచేసిన పద్ధతి ఏంటంటే, చర్చిల ద్వారా వెళ్లారు. పాస్టర్‌తో ప్రకటన చేయించడం కాదు, ఆ చర్చికి వచ్చే ఆడవాళ్లలోనే కొందరికి ట్రైనింగ్, జీతం ఇచ్చి, ఇంటికెళ్లి మాట్లాడే పని వాళ్లకే అప్పజెప్పారు. ఏ ప్రశ్న అడగాలి, ఎలా అడగాలి అన్నదాంట్లో కూడా ఊరివాళ్ల కమిటీకి నోరుంటుంది. చాలా గ్రాంట్లలో ఊరి భాగస్వామ్యం ఎలా ఉంటుందో రాయకపోతే డబ్బు రాదు, కాబట్టి ఉత్తుత్తి కమిటీలు కూడా బోలెడు పుట్టాయనుకోండి, ఫోటోకి నలుగురు కూర్చుంటారు, కాఫీ తాగుతారు. ఒక మీటింగులో నేనే చూశాను. చివర్లో ఒక పెద్దావిడ లేచి, "ఈ కమిటీ వద్దంటే మీరు ఏదైనా మార్చుకుంటారా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. ఆవిడ మళ్లీ రాలేదు.

తంపరగాలి గారూ, మీ ప్రాజెక్టులో ఊరు వద్దంటే మారేది ఏదైనా ఉందా? ముందు అది చూసుకోండి.


వేపచెట్టు_వైద్యం | మంగళవారం, ఉదయం 9:15

[ఈ పోస్టు తొలగించబడింది]


మోడరేటర్ | మంగళవారం, ఉదయం 9:40

21 రోజుల్లో ఏ క్యాన్సర్‌నైనా తగ్గించే కషాయం, ఫోన్ నంబరుతో సహా. తీసేశాం. ఇంకోసారి పెడితే ఐడీ ఉండదు. చర్చ కొనసాగించండి.


లాపాయింటు | మంగళవారం, ఉదయం 11:20

పరిశోధనలకి అనుమతిచ్చే నైతిక కమిటీలో మామూలు పౌరుడిగా, అంటే డాక్టరు కాని మెంబరుగా ఐదేళ్లు కూర్చున్నాను. జీడితోట గారి లాంటివాళ్లకి పనికొచ్చేవి నాలుగు ముక్కలు.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు తీసుకుంటే సర్పంచ్ ఒప్పుకున్నా, గ్రామసభ తీర్మానం చేసినా అది ఊళ్లోకి అడుగు పెట్టడానికే. ఒక్కొక్క మనిషి సమ్మతి మళ్లీ విడిగా తీసుకోవాల్సిందే. మీకు తెలిసిన భాషలో చెప్పాలి, మధ్యలో ఎప్పుడు వద్దన్నా మానేయొచ్చు, మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. సమ్మతి పత్రం ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి, అందులో నైతిక కమిటీ వాళ్ల ఫోన్ నంబరు ఉండాలి. ఆ కాగితం దాచుకోండి. ఇక ఏ ట్రయల్ అయినా సీటీఆర్‌ఐ అనే సర్కారీ వెబ్‌సైట్‌లో నమోదై ఉండాలి, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, ఊళ్లో డిగ్రీ చదివే పిల్లాడికి చెప్తే పది నిమిషాల్లో తీస్తాడు.

డబ్బు విషయం. దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వడం లంచం కాదు. ఆశ పెట్టేంత పెద్ద మొత్తం ఇవ్వకూడదంతే. మా కమిటీ ముందుకొచ్చిన ప్రపోజల్స్‌లో విమాన టికెట్లకి, కాన్ఫరెన్స్‌కి, ల్యాప్‌టాప్‌కి లైను ఉండేది. కూలి పోయిన ఆడమనిషికి మాత్రం ఉండేది కాదు. అడిగితే "బడ్జెట్‌లో లేదు సార్". బడ్జెట్ రాసింది ఎవరయ్యా?


తంపరగాలి | మంగళవారం, రాత్రి 11:58

అందరివీ రెండుసార్లు చదివాను. సిస్టర్ గారూ, పదింటికే పెట్టాం. సిగ్గేసింది.

కెంటకీ అన్నా, మీ ప్రశ్న తిన్నగా మా సారుని అడిగాను. "ప్రోటోకాల్ అప్రూవ్ అయిపోయింది, ఇప్పుడు మార్చలేం" అన్నారు. తర్వాత కాసేపాగి, టైమింగ్స్, చోటు, మనుషులు, చెప్పే పద్ధతి ఇవి మార్చుకోవచ్చు, నైతిక కమిటీకి సవరణ పెడితే కూలి డబ్బు సంగతీ చూస్తానన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఊళ్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదంతే.

ఇంకో తలనొప్పి ఉంది. మా తీరం ఊళ్లలో మగాళ్లు చేపల వేటకి గుజరాత్ వెరావల్ దాకా వెళ్తారు, కొన్ని కుటుంబాలు చెన్నై, హైదరాబాద్ పనులకి. మూడేళ్లు ఫాలోఅప్ అంటే ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో వెతుక్కోవాలి.


రిటైర్డ్_సిస్టర్ | బుధవారం, ఉదయం 6:10

వెతుక్కోనక్కర్లేదు. సంక్రాంతికి, ఊరి అమ్మవారి పండగకి అందరూ వస్తారు. నీ మూడేళ్ల క్యాలెండర్ ఆ తేదీలకి కట్టు.

ఇంకోటి, ఇప్పుడు ఆడవాళ్లు వాళ్లే లోపల గదిలోకి వెళ్లి శాంపిల్ తీసుకుని ఇచ్చే పరీక్ష ఉందటగా, మా మనవరాలు నర్సింగ్ చదువుతోంది, చెప్పింది.


తెల్లకోటు_నల్లబూట్లు | బుధవారం, ఉదయం 7:22

ఉందండీ. హెచ్‌పీవీ పరీక్షకి సొంతంగా శాంపిల్ తీసుకోవచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లోనే చెప్పింది. పొడుగాటి పుల్లకి చివర చిన్న బ్రష్ లాంటిది ఉంటుంది, అంతే. బల్ల ఎక్కక్కర్లేదు, ఎవరూ చూడక్కర్లేదు. సిగ్గు సగం అక్కడే పోతుంది. ఒక్క షరతు, తేడా వచ్చినవాళ్లకి తర్వాత వైద్యం ఎక్కడో ముందే కుదుర్చుకోవాలి. ఆ పని చేయకుండా పరీక్ష మాత్రం చేస్తే ఆ మనిషికి భయం ఇచ్చి వదిలేసినట్టు.


తంపరగాలి | ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:05

చెప్పకుండా మాయమైతే నేనూ ఆ కారెక్కి వెళ్లిపోయిన టీమే అవుతాను, అందుకే వచ్చాను.

క్యాంపు మళ్లీ పెట్టలేదు. ముందు డ్వాక్రా సంఘాల మీటింగుకి వెళ్లాను, ఫారాలు ఏవీ తీసుకెళ్లకుండా. 1971 పేపర్‌లో ఏముందో, 1986లో ఏం తేలిందో ఒక చార్టు మీద తెలుగులో రాసుకెళ్లి చదివాను. ఆ ముసలామె కూడా వచ్చింది. అంతా విని, "అయితే మా అత్త నోరు ఊరికే సూడలేదన్నమాట" అంది. ఆ తర్వాత నోరు తెరిచి, "నాదీ సూడు" అంది. అంగిలి నిండా తెల్లగా దళసరిగా, మధ్యలో ఎర్రటి చుక్కలు, పక్కన ఒక చోట పుండు. బయాప్సీకి పంపాం. బస్సులో తోడు నేనే వెళ్లాను.

మీటింగులో ఆడవాళ్లు మూడు అడిగారు. ఒకటి, రిపోర్టు తెలుగులో, కవరులో పెట్టి, చేతికే ఇవ్వాలి. రెండు, "గర్భసంచి తీయమంటే ఇంకో డాక్టరుకి చూపించుకునే దాకా ఆగుతాం" అని కాగితం మీద రాసివ్వాలి. మూడు, ఏడాదికోసారి ఊరి సభలో ఎంతమందిని చూశారు, ఎంతమందికి తేడా వచ్చింది, ఎంతమంది వైద్యం పూర్తయింది చెప్పాలి, పేర్లు లేకుండా. మా సారు మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోది "పబ్లిష్ అయ్యే దాకా డేటా బయటికి చెప్పకూడదు" అని ఆపారు. ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

సిస్టర్ గారూ, ఇంటింటికీ తిరిగి లిస్టు సరిచేశాం. 400లో 71 మందికి గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఇంకో 58 మంది ఊళ్లోనే లేరు. మిగిలినవాళ్లలో సాయంత్రాలు కూర్చుని ఇప్పటికి 164 మందికి చేశాం. కూలి డబ్బు సవరణ కమిటీలో ఉంది, ఇంకా రాలేదు.


లాపాయింటు | శనివారం, రాత్రి 9:50

మూడోది వదలకండి. ఎంతమందిని చూశారు, ఎంతమందిని పంపారు, ఎంతమంది వైద్యం పూర్తయింది, ఈ మొత్తం లెక్కలు ఊరికి చెప్పడం వేరు, ఫలితాల విశ్లేషణ ముందే బయటపెట్టడం వేరు. ఏ ఊళ్లోనైనా తేడా వచ్చినవాళ్లు ఒకరిద్దరే ఉంటే ఇట్టే గుర్తుపట్టేస్తారు, అప్పుడు రెండు మూడు ఊళ్లు కలిపి చెప్పండి. ఈ తేడా రాసి నైతిక కమిటీకే నేరుగా పంపించమనండి మీ సారుని. నా అనుభవంలో ఇలాంటిదానికి అడ్డు చెప్పరు.


జీడితోట | శనివారం, రాత్రి 10:31

అమ్మా, ఆ ముసలామె బయాప్సీ రిపోర్టు వచ్చిందా?


తంపరగాలి | శనివారం, రాత్రి 10:40

మంగళవారం ఇస్తామన్నారు. నేనే వెళ్లి తెస్తాను. ముందు ఆవిడకి చెప్పాకే ఇక్కడ ఏదైనా, ఆవిడ సరేనంటేనే.


జీడితోట | శనివారం, రాత్రి 10:44

అలాగే కానీండి. మా వీధి మీ లిస్టులో ఉందో లేదో గానీ, సంక్రాంతికి అందరం ఇంట్లోనే ఉంటాం. ఆ చార్టు పట్టుకుని రండి. ఫారాలు తర్వాత చూద్దాం.